మా నాయనకు 47 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, నాకూ తప్పదా?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. నాయన 47 ఏళ్లకు గుండెపోటుతో పోయారు. ఆయన తమ్ముడికి, అంటే మీ చిన్నాయనకు, పోయిన సంక్రాంతి తర్వాత 51వ ఏట రెండు స్టెంట్లు వేశారు. మీకు 33. షుగర్, బీపీ లేవు, మనిషి సన్నం, సిగరెట్ ముట్టరు, ఏటా అలిపిరి నుంచి నడిచే కొండెక్కుతారు. మేనత్త కూతురినే చేసుకున్నారు, ఐదేళ్ల పాప ఉంది. ఉమ్మి పంపితే జీన్ రిపోర్టు ఇస్తామని ఎవరో చెప్పారు, చేయించుకోవాలా, అసలు ఇది మా ఇంటికి రాసిపెట్టి ఉందా అని అడిగారు.

నేను తిరుపతిలో 27 ఏళ్లుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. పలమనేరు, పీలేరు, పుత్తూరు, కాళహస్తి వైపుల నుంచి వచ్చేవాళ్లను చూస్తుంటాను. జవాబు ముందే చెప్పేస్తాను. ఆ ఉమ్మి టెస్టు ఇప్పుడు వద్దు. రక్తంలో కొవ్వులను కొలిచే లిపిడ్ ప్రొఫైల్, లైపోప్రోటీన్ ఎ అనే రెండు రక్తపరీక్షలు ఈ వారంలోనే చేయించుకోండి. మీరొక్కరే కాదు, మీ భార్య, పాప, చిన్నాయన, అత్త కూడా చేయించుకోవాలి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపిన మాట మీ నాయన వయసు కూడా కాదు, "మేనత్త కూతురు" అన్న మాట. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు వయసు సంగతి. "మా ఇంట్లో గుండెజబ్బు ఉంది" అని చాలామంది చెప్తారు. ఎవరికి అంటే తాతకు 78 ఏళ్లప్పుడు అంటారు. అది వయసు తెచ్చిన జబ్బు, వంశం తెచ్చినదని చెప్పలేం. నాయనకో, అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో, అక్కచెల్లెళ్లకో 65 లోపు వస్తే దాన్ని మేము కుటుంబ చరిత్రగా లెక్కిస్తాం. స్వీడన్‌లో 21 వేల మంది కవలలను ఏళ్ల తరబడి గమనించి 1994లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ఒకే పోలిక మగ కవలల్లో ఒకరు 55 లోపు గుండెజబ్బుతో పోతే, రెండోవాళ్లకు ఆ ముప్పు దాదాపు ఎనిమిది రెట్లు ఉంది. వేరు పోలిక మగ కవలల్లో నాలుగు రెట్లకు కాస్త తక్కువ. అదే మొదటివాళ్లు ముసలితనంలో పోతే ఈ తేడా బాగా తగ్గిపోయింది. అంటే చిన్న వయసులో వచ్చే జబ్బులోనే జన్యువుల చెయ్యి ఎక్కువ. మీ నాయనకు 47, చిన్నాయనకు 51. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు. దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో మూడు తరాలుగా సాగుతున్న అధ్యయనంలో, తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్న వయసులో గుండెజబ్బు ఉంటే కొడుకుకు ముప్పు సుమారు రెట్టింపని తేలింది. రెట్టింపు అన్న మాట వినగానే గుండె జారుతుంది. కానీ 33 ఏళ్ల మనిషికి మామూలుగా ఉండే ముప్పే చిన్నది. దానికి రెట్టింపైనా వచ్చే పదేళ్లకు పెద్ద అంకె కాదు. రాబోయే ముప్పై ఏళ్లకు మాత్రం పెద్దదే. అందుకే ఇది రేపే ఏదో అయిపోతుందని టెన్షన్ పడే వ్యవహారం కాదు, ఇంకో పదేళ్లు ఊరుకునేదీ కాదు.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. నేను ఓపీ చీటీ వెనకే గీస్తుంటాను. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. తాత, అవ్వ పైన, వాళ్ల పిల్లలు కింది వరసలో, మీ తరం ఇంకో వరసలో. పోయినవాళ్ల మీద అడ్డగీత. ప్రతి గుర్తు పక్కన రెండే విషయాలు రాయండి: ఏ వయసులో, ఏమైంది. ఈ "ఏమైంది" దగ్గరే అవ్వను కూర్చోబెట్టి అడగాలి. మన ఇళ్లలో ఉన్నట్టుండి పోయిన ప్రతి చావునూ గుండెపోటు అనేస్తారు. ఛాతీలో నొప్పి వచ్చి, చెమటలు పట్టి, గంటో రెండు గంటలో బాధపడి పోయారా? పడుకున్నవాళ్లు లేవలేదా? పరుగెత్తుతూనో, ఈత కొడుతూనో 25 ఏళ్లకే కూలిపోయారా? మొదటిది రక్తనాళాల జబ్బు. చివరిది చాలాసార్లు వేరే జబ్బు. గుండె కండరం మందమయ్యేదో, గుండె విద్యుత్తు తప్పేదో అయి ఉంటుంది. అవి కూడా వంశంలో నడుస్తాయి కానీ, వాటిని పట్టుకునే పరీక్షలు ఈసీజీ, ఎకో అనే గుండె స్కానింగ్. కొలెస్ట్రాల్ టెస్టులో కనపడవు. గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యులోపం దక్షిణాసియా జనంలో నూటికి నలుగురిలో ఉందని 2009లో బయటపడింది. అందుకే మీ కాగితంలో అలాంటి చావు ఏదైనా ఉంటే డాక్టరుకు విడిగా చెప్పండి.

నాయన బీడీ తాగేవారా అన్నదీ రాయండి. 47 ఏళ్లకు పోయిన మనిషి రోజుకు రెండు కట్టలు తాగి ఉంటే, ఆ చావులో కొంత వాటా బీడీది. జన్యువుల మీదే మొత్తం వేయకూడదు.

ఇక పరీక్షలు. మొదటిది మామూలు లిపిడ్ ప్రొఫైల్, కొన్ని వందల్లో అయిపోతుంది. పరగడుపున ఇవ్వాల్సిన పని కూడా చాలామందికి లేదు. ట్రైగ్లిజరైడ్లు అనే ఇంకో రకం కొవ్వు బాగా ఎక్కువ వస్తేనే మళ్లీ పరగడుపున చేస్తాం. అందులో మీరు చూడాల్సింది ఎల్‌డిఎల్, అంటే నాళాల్లో పేరుకునే చెడు కొలెస్ట్రాల్. ల్యాబు కాగితంలో పక్కన "నార్మల్" అని అచ్చేసిన అంకెను చూసి మడిచి పెట్టేయకండి. 190 లేదా అంతకు మించి ఉంటే, థైరాయిడ్, కిడ్నీ లాంటి ఇతర కారణాలు లేవని చూసుకున్నాక, వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బును అనుమానిస్తాం. ఇంగ్లీషులో ఫెమిలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా అంటారు, మేము పొట్టిగా ఎఫ్‌హెచ్ అంటాం. ఇది అరుదైన జబ్బు కాదు. ప్రపంచంలో సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది.

జరిగేదేమిటంటే, రక్తంలో తిరిగే ఎల్‌డిఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే కొక్కేలు కాలేయ కణాల మీద ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే గోల్డ్‌స్టీన్, బ్రౌన్ అనే ఇద్దరు డాక్టర్లకు 1985లో నోబెల్ ఇచ్చారు. ఆ కొక్కేన్ని తయారుచేసే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి వస్తుంది. ఒకటి పాడైతే సగం కొక్కేలే పనిచేస్తాయి. పుట్టినప్పటి నుంచీ ఎల్‌డిఎల్ రెట్టింపు దాకా ఉంటుంది. ఏం తిన్నా, తినకపోయినా అంతే. అందుకే సన్నగా ఉండే మీలాంటివాళ్లకూ, పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. పాడైన జన్యువున్న మనిషి నుంచి ప్రతి బిడ్డకూ అది చేరే అవకాశం సగానికి సగం, మగబిడ్డైనా ఆడబిడ్డైనా.

ఇప్పుడు మేనరికం సంగతి. మీ భార్య తల్లి, మీ నాయన, మీ చిన్నాయన తోబుట్టువులు. తాత నుంచో అవ్వ నుంచో ఆ జన్యువు మీ నాయనకు వచ్చి ఉంటే, అదే మీ అత్తకూ వచ్చి ఉండొచ్చు, ఆమె నుంచి మీ భార్యకూ వచ్చి ఉండొచ్చు. బయటి సంబంధమైతే ఈ అనుమానం దాదాపు ఉండదు. మీ ఇద్దరిలోనూ ఒక్కొక్కటి పాడైన జన్యువుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు రెండూ పాడైనవే వచ్చే అవకాశం ఉంది. అప్పుడు కొక్కేలు దాదాపు ఉండవు. ఎల్‌డిఎల్ నాలుగైదు వందలు, ఇంకా పైకీ పోతుంది. మందులు లేకపోతే పదేళ్ల లోపో, ఇరవై లోపో గుండెపోటు రావచ్చు.

ఇలాంటి బిడ్డను నేను చూశాను. చాలా ఏళ్ల కిందట పలమనేరు వైపు నుంచి ఒకమ్మ తొమ్మిదేళ్ల పాపను తీసుకొచ్చింది. బడి మెట్లెక్కితే ఛాతీ పట్టుకుంటోందని. పాప చెయ్యి చాపితే మోచేతుల మీద శనగగింజంత పసుపు బొడిపెలు వరసగా ఉన్నాయి. మడమ వెనక నరం వేలెడు లావుగా తగిలింది. నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం. అరవై ఏళ్ల మనిషి కంట్లో కనపడాల్సింది తొమ్మిదేళ్ల పాప కంట్లో ఉంది. ఆ బొడిపెలను పులిపిర్లనుకుని సున్నం పెట్టారు. ఒక ఆసుపత్రిలో నాలుగేళ్లు చర్మానికి పూత మందులు రాశారు. ఒక్కసారి కూడా రక్తం తీయలేదు. నేను తీయిస్తే ఎల్‌డిఎల్ 560. తల్లికి 236, తండ్రికి 251. తండ్రి ఆ తల్లికి సొంత మేనమామ. ఆ ఇంట్లో అందరి కళ్ల ముందే నాలుగేళ్లు ఆ బొడిపెలు పెరిగాయి. అప్పుడు మన చేతిలో ఇన్ని మందులు లేవు. ఆ పాప మోచేతులు నాకు ఇప్పటికీ గుర్తే.

మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇది. మీ పాపకు అలా ఉండే అవకాశం చాలా తక్కువ. కానీ ఈ సాయంత్రం వెలుతురులో పాప మోచేతులు, మోకాళ్లు, మడమలు, వేళ్ల గణుపులు, పిరుదులు చూడండి. మీ మడమ వెనక నరమూ తడిమి చూసుకోండి. రెప్పల మీద పసుపు మచ్చలు, 45 లోపు కంట్లో తెల్ల వలయం కూడా గుర్తులే. ఏమీ కనపడకపోయినా రక్తపరీక్ష మానొద్దు, ఒక జన్యువే పాడైన పిల్లలకు మామూలుగా ఒంటి మీద ఏ గుర్తూ ఉండదు. ఇలాంటి ఇంట్లో ఐదేళ్లు నిండిన బిడ్డకు లిపిడ్ ప్రొఫైల్ చేయించొచ్చు. కుటుంబ చరిత్ర ఉన్న బిడ్డకు ఎల్‌డిఎల్ 160 దాటితే అనుమానించాలి. ఒక జన్యువే పాడైతే మందు ఎనిమిది, పదేళ్ల వయసు నుంచి మొదలుపెడతాం. రెండూ పాడైతే తెలిసిన రోజు నుంచే, పెద్ద ఆసుపత్రిలో. మనకు తిరుపతిలో స్విమ్స్, పిల్లలకు పద్మావతి హృదయాలయం ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు వెల్లూరు సీఎంసీ గంట ప్రయాణం. చూపించే చోట్లకు కరువు లేదు, అనుమానించేవాళ్లకే కరువు.

రెండో పరీక్ష లైపోప్రోటీన్ ఎ. ల్యాబుల్లో ఎల్‌పి లిటిల్ ఎ అంటారు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఇది ఉండదు, పేరు చెప్పి అడగాలి. 1963లో నార్వేలో బెర్గ్ అనే డాక్టరు దీన్ని గుర్తించారు. ఎల్‌డిఎల్ లాంటి కణానికే ఇంకో ప్రోటీన్ చుట్టుకుని ఉంటుంది. రక్తనాళాల్లో పూడికనూ పెంచుతుంది, గడ్డకట్టడానికీ దోహదం చేస్తుంది. దీని మోతాదు దాదాపు పూర్తిగా జన్యువులే నిర్ణయిస్తాయి. నడకతో తగ్గదు, పథ్యంతో తగ్గదు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో కూడా తగ్గదు. ప్రపంచంలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఎక్కువ. 50 మిల్లీగ్రాములు, లేదా 125 నానోమోల్స్ దాటితే ఎక్కువ అంటాం. రెండూ వేర్వేరు కొలతలు కాబట్టి కాగితంలో ఏది రాశారో చూసుకోండి. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఒకసారి చూడమనే ఉంది.

తగ్గించలేనిదాన్ని తెలుసుకుని ఏం లాభం అని మీరు అడగొచ్చు, అందరూ అడుగుతారు. అది ఎక్కువుందని తెలిస్తే మిగతావాటిని గట్టిగా బిగిస్తాం. ఇంకొకరికి 120 ఎల్‌డిఎల్‌ను చూసి ఊరుకుంటామేమో కానీ, మీకు 70 లోపు దింపమంటాం. బీపీ, షుగర్ విషయంలో కూడా సందు ఇవ్వం. దీన్ని తగ్గించడానికే తయారుచేసిన మందులు ప్రస్తుతం పరీక్షల్లో ఉన్నాయి.

ఈ పరీక్ష మీద నాకింత పట్టుదల ఎందుకంటే, మా అన్న. 49 ఏళ్లకు ఒక రాత్రి ఛాతీ బరువుగా ఉందని దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు పోతే గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. ఈసీజీ తీయలేదు. తెల్లవారుజామున పోయాడు. షుగర్ లేదు, పొగ లేదు, నాకంటే సన్నం. ఆ తర్వాత నేనూ, మా చెల్లెలూ రక్తం ఇస్తే ఇద్దరికీ లైపోప్రోటీన్ ఎ వంద మిల్లీగ్రాములు దాటింది. అప్పటి నుంచి మేమిద్దరం రోజూ రాత్రి స్టాటిన్ వేసుకుంటున్నాం. అన్నకు ఆ పరీక్ష ఎవరూ చెప్పలేదు. డాక్టరునై ఉండి నేనూ చెప్పలేదు.

కొండెక్కుతాను కాబట్టి గుండె గట్టిదే అనుకుంటున్నారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఆగకుండా ఎక్కితే మీ ఒంట్లో దమ్ముందని అర్థం, మంచిదే, మానొద్దు. అయితే నాళం సగానికి పైగా పూడుకుపోయేదాకా మెట్లెక్కినా ఆయాసం రాదు, నొప్పి రాదు. ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా 70 శాతం దాకా ఉన్న అడ్డును తరచూ పట్టలేదు. చాలా గుండెపోట్లు చిన్న పూడిక ఉన్నచోటే వస్తాయి. ఆ పూడిక పైపొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. అందుకే పోయిన నెలలో కొండెక్కిన మనిషికి ఈ నెలలో గుండెపోటు రావడంలో వింతేమీ లేదు. సన్నగా ఉన్నానన్న ధైర్యాన్ని కూడా టేపుతో ఒకసారి కొలుచుకోండి. మన మగవాళ్లకు నడుము చుట్టూ 90 సెంటీమీటర్లు దాటితే, కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా అది కొవ్వే.

ఉమ్మి టెస్టుల గురించి. వాటిలో చాలావరకు వందలు, వేల చిన్నచిన్న జన్యు తేడాలను కూడి ఒక స్కోరు ఇస్తాయి. జన్యువులుండే క్రోమోజోముల్లో తొమ్మిదోదాని మీది అలాంటి ఒక ముఖ్యమైన చోటును 2007లో కనుగొన్నారు. ఆ శాస్త్రం నిజమైనదే. అయితే ఆ స్కోర్లకు ఆధారం ఎక్కువగా యూరప్ సంతతివాళ్ల లెక్కలు, మన జనానికి అంత కచ్చితంగా అతకవు. స్కోరు ఎంత వచ్చినా మీకు నేను చెప్పే వైద్యం మారదు. 47కు పోయిన నాయన, 51కి స్టెంట్లు పడిన చిన్నాయన అంతకంటే పెద్ద సాక్ష్యం. ఎల్‌డిఎల్ 190 దాటితే మాత్రం ఎఫ్‌హెచ్ కోసం రక్తంతో చేసే జన్యుపరీక్ష పనికొస్తుంది. లోపం ఏ జన్యువులో, ఏ చోట ఉందో తెలిస్తే ఇంట్లో మిగతావాళ్లకు అదొక్కటే వెతికితే చాలు. ఏమీ దొరకనంత మాత్రాన జబ్బు లేదని కాదు. మనకు తెలియని తేడాలు ఇంకా ఉన్నాయి, ఎల్‌డిఎల్ ఎక్కువుంటే వైద్యం చేయాల్సిందే.

మందుల గురించి నాకు రోజూ వినపడే మాట ఒకటుంది: "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాలంట కదా సార్." నిజమే. కొక్కేలు లేని లోపం కూడా జీవితాంతం ఉండేదే. ఎల్‌డిఎల్ 220 ఉన్న మనిషికి నూనె తగ్గించి, రాగిసంకటి తిని, వెల్లుల్లి కషాయం తాగినా వందకు రాదు. పథ్యంతో మహా అయితే పదో, పదిహేనో శాతం తగ్గుతుంది. గట్టి మోతాదు స్టాటిన్‌తో సగం తగ్గుతుంది, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కలిపితే ఇంకో ఇరవై శాతం. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, షుగర్ అంచున ఉన్నవాళ్లకు అది కాస్త పెరగొచ్చు. నొప్పులొస్తే మీరే ఆపేయకుండా వచ్చి చెప్పండి, మందో మోతాదో మారుస్తాం. మీ భార్యకు అవసరమైతే, ఇంకో బిడ్డను అనుకుంటున్న సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. గర్భంలో స్టాటిన్లు మామూలుగా ఆపుతాం. ఇంకో మాట, నాయనకు వచ్చిందని మీకు మీరే ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దు. జబ్బు లేనివాళ్లకు రక్తస్రావం చేసే కీడు చాలాసార్లు మేలును మింగేస్తుంది.

రాసిపెట్టి ఉందా అన్నారు. 2016లో 55 వేల మందితో వచ్చిన ఒక అధ్యయనం చూడండి. జన్యుపరంగా ముప్పు ఎక్కువున్నవాళ్లలోనే పొగ తాగకుండా, లావెక్కకుండా, కదులుతూ, సరిగా తింటూ ఉన్నవాళ్లకు, ఇవేవీ పట్టనివాళ్లతో పోలిస్తే గుండెజబ్బు దాదాపు సగం తక్కువ. మన దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు మిగతా దేశాలకంటే ఐదారేళ్లు ముందే వస్తోందని తేల్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం కూడా, పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి లాంటి తొమ్మిది కారణాలే ముప్పులో అత్యధిక భాగమని చెప్పింది. ఆ తొమ్మిదిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే. మీ నాయన కాలంలో ఈ మందులు మన ఊళ్లకు ఇంతగా చేరలేదు, ఎల్‌డిఎల్ అడిగినవాళ్లూ లేరు. ఆయన జన్యువులు మీకు వచ్చి ఉండొచ్చు, ఆయన కాలం మాత్రం మీకు రాలేదు.

ఎప్పుడైనా ఛాతీ మధ్యలో బరువో, మంటో పది నిమిషాలు దాటి ఉండి, దవడకో ఎడమచేతికో పాకి, చల్లటి చెమట పడితే గ్యాస్ మాత్ర కోసం వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాములు నమిలి మింగండి. బండి నడుపుకుంటూ పోవద్దు. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి ఉంటే ఇంకోటి తీయమని పట్టుబట్టండి.

మిగిలింది మీ అత్తగారికి చెప్పడం. కోడలి వైపు జబ్బు, కొడుకు వైపు జబ్బు అని ఇళ్లలో పెద్ద గొడవలు నేను చూశాను. మీ ఇంట్లో ఆ బాధ లేదు, రెండు వైపులా ఒకే ఇల్లు. ఆమెకు కావాల్సిందీ ఈ రెండు పరీక్షలే. 50 దాటిన ఆడమనిషి, నెలసరి ఆగిన వయసు, ఇద్దరు అన్నదమ్ములకు వచ్చింది. నిజానికి అందరికంటే ముందు ఆమెకే చూడాలి. "నాయన లేడు అత్తా, నిన్నైనా చూసుకోనీ" అంటే కాదనదు. ఒక ఆదివారం పొద్దున అందరూ కలిసే పోండి, ఆ చదరాలూ సున్నాలూ గీసిన కాగితం జేబులో పెట్టుకుని. పాపకు సూదంటే భయముంటే ముందు మీరు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపండి, దాన్ని పక్కన నిలబెట్టుకుని.